ధనపీడనము, దూరప్రయాణములు

సీ-ప్యాప్ అనే యంత్రానికి తెలుగులో ఏమని పేరు పెట్టవచ్చునా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. ఆంగ్లంలోని మాటలన్నిటినీ వరుసగా తెలుగు చేసుకొంటే 'అవిచ్ఛిన్న శ్వాసమార్గ ధనపీడనము' అవుతుంది. ఇక్కడ ధనమంటే ఋణానికి ప్రతియోగి అయిన ధనం. విద్యుత్తులో ధనధ్రువం అంటామే, ఆ ధనం. కాని నలభైవేల పైచిలుకు రొక్కం లెక్కపెట్టి ఇచ్చి ఆ పెట్టెను ఇంటికి తెచ్చుకొన్ననాడు నాకు ముందుగా స్ఫురించినది రెండవ అర్థమే. అడగకుండా ఇంత చక్కగా కుదిరిన శ్లేష నాకు మరొకటి తారసపడలేదు. పారిభాషిక పదాల మీద మక్కువ గల మిత్రులు ఇంతకంటె పొట్టి మాట ఏదైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను. అంతదాకా సీ-ప్యాప్ అనే వ్రాస్తాను.

ఈ టపాకు కారకులు మా లెక్కల మాష్టారు. ఉన్నతపాఠశాలలో ఇద్దరమూ పదునాలుగేళ్ళు పక్కపక్క గదులలో పాఠాలు చెప్పాము. నా ఛందస్సుకూ ఆయన బీజగణితానికీ మధ్య ఒక ఇటుకగోడే అడ్డం. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే యంత్రం. ఇంట్లో ఆయన శ్రద్ధగానే వాడుతారు. కాని యంత్రం వచ్చిన తరువాత ఈ రెండేళ్ళలో భీమవరం దాటి ఎక్కడా ఒక్క రాత్రి నిద్రచేయలేదు. బెంగుళూరులో ఉన్న కొడుకు ఇంటికి వెళ్ళలేదు. రెండవ మనుమడిని ఫోను తెరమీద చూడడమే గాని ఎత్తుకొన్నది లేదు. రాబోయే మాఘంలో హైదరాబాదులో పెద్దమ్మాయి కూతురి పెళ్ళి. "ఆ తొండం తగిలించుకొని విడిదింట్లో పదిమంది మధ్య పడుకోమంటారా పంతులుగారూ? మూడు రాత్రులే గదా, యంత్రం లేకుండా గడిపేస్తాను" అంటున్నారు. ఆయన శ్రీమతిగారు మా ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకొన్నారు. "ఆ మూడు రాత్రులూ నేను కూర్చునే ఉండాలి వదినగారూ" అన్నారట.

ఆ మాటకు అర్థం మా ఆవిడకు తెలిసినట్లు మరొకరికి తెలియదు.

యోగశాస్త్రంలో పూరకం, కుంభకం, రేచకం అని మూడు చెబుతారు. గాలి పీల్చడం పూరకం, బిగబట్టడం కుంభకం, విడవడం రేచకం. యోగి తన ఇచ్ఛతో కుంభకం పడతాడు. ఈ జబ్బులో నిద్రపోయేవానికి ఇచ్ఛ లేకుండానే కుంభకం పడుతుంది. గొంతు వెనుక కండరాలు సడలి, నాలుక వెనక్కు జారి, గాలిదారి మూసుకొనిపోతుంది. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. కనీసం పది సెకన్లు అలా ఆగితే దానిని ఒక స్తంభన కింద లెక్కవేస్తారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఒక్క పెట్టున గాలి లోపలికి పోతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే తంతు. ఇటువంటి స్తంభనలూ, అరకొర శ్వాసలూ కలిపి గంటకు 5 దాటితే జబ్బు ఉన్నట్లు. 15 దాటితే మధ్యస్థం. 30 దాటితే తీవ్రం. విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టి చూస్తే నాకు 38 వచ్చాయి.

మా ఆవిడకు ఆ తీగలతో పనిలేకపోయింది. నా గురక వినబడుతున్నంతసేపూ ఆవిడకు నిద్రపట్టేదట. గురక ఆగితే మెలకువ వచ్చేదట. చీకటిలో లేచి కూర్చొని ఒకటి, రెండు అని లెక్కపెట్టుకొనేదట. ఇరవై దాటితే భుజం పట్టి కుదిపేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆవిడ మొదటిసారి నోటవెంట అన్నది డాక్టరుగారి ఎదుటనే.

గురక అంటే మనవారికి గాఢనిద్రకు గుర్తు, హాస్యానికి ముడిసరుకు. కుంభకర్ణుని లేపడానికి పోయిన రాక్షసులు వాని నిశ్వాసపు గాలికి నిలదొక్కుకోలేకపోయారని వాల్మీకి వర్ణిస్తాడు. తరగతిలో ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు విరగబడి నవ్వేవారు. 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాలకు సంగీతం సమకూర్చిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినప్పుడు, వైద్యులు చెప్పిన కారణాలలో ఈ నిద్రాశ్వాసరోధం ఒకటి. ఆ వార్త చదివాక మా వీధిలో ఇద్దరు ముగ్గురు గురకరాయుళ్ళు పరీక్షకు వెళ్ళివచ్చారు.

ఇక యంత్రం చేసే పని. 2021లో రెండవ విడత కోవిడ్ నాటి భయం మనవారికి ఇంకా పోలేదు; ముక్కుకు గొట్టం కనబడితే చాలు, ఆక్సిజన్ పెట్టారా అని కంగారుపడతారు. మా పక్కింటి రొయ్యల చెరువుల రైతు కూడా అలాగే అడిగాడు. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా పడిపోతుంది గనుక రాత్రంతా ఏరియేటర్లు తిప్పుకొనే మనిషి. "మీకూ ఏరియేటరు పెట్టారాండీ మాష్టారూ?" అన్నాడు. కాదన్నాను. ఇది ప్రాణవాయువును తయారుచేయదు, కలపదు. గదిలో ఉన్న గాలినే వడగట్టి, కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోకి తోస్తుంది. చెరువుకు నీరు తోడేటప్పుడు పరిచే మెత్తని గొట్టం ఉంటుంది చూడండి, ఖాళీగా ఉన్నప్పుడు చాపలాగా అణగిపడి ఉంటుంది. మోటారు వేయగానే నీటి తోపుకు గుండ్రంగా నిలబడుతుంది. నిద్రలో మన గొంతు ఆ ఖాళీ గొట్టం. యంత్రం దానిని తెల్లవార్లూ అణగిపోకుండా నిలబెడుతుంది. "ఆయ్, ఇప్పుడు తెలిసిందండి" అన్నాడు. మోటారు ఆపితే గొట్టం మళ్ళీ అణుగుతుందని వేరే చెప్పనక్కరలేకపోయింది. లెక్కల మాష్టారి 'మూడు రాత్రులే గదా'కు జవాబు కూడా అదే. యంత్రం జబ్బును కుదర్చదు; పెట్టుకొన్న రాత్రికి అడ్డుకొంటుంది. కళ్ళజోడు తీసి మూడు రోజులు చదవగలనని ఎవరూ అనరు.

ఈ ఉపాయం ఆస్ట్రేలియాలో సిడ్నీకి చెందిన కాలిన్ సలివాన్ అనే వైద్యునిది. 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. దుమ్ము పీల్చే వాక్యూం క్లీనరు మోటారును ఊదడానికి మళ్ళించి తొలి యంత్రాన్ని చేశాడట. ఆ రొదకు రోగి ఎలా నిద్రపోయాడో గాని, ఇప్పటి యంత్రాల చప్పుడు మన సీలింగు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. ఒత్తిడిని నీటిమట్టపు సెంటీమీటర్లలో కొలుస్తారు, సాధారణంగా 4 నుండి 20 వరకు. ఎంత పెట్టాలన్నది వైద్యుని పని. దానిని మనం కదపరాదు.

మనం చూసుకోవలసినది మాస్కు. సగం యంత్రం మాస్కే అని నా అభిప్రాయం. కొట్టులో కుర్చీమీద కూర్చొని పెట్టి చూసుకొంటే చాలదు. పడుకొని, రెండు పక్కలకూ దొర్లి చూడాలి. గాలి కారుతున్నదని పట్టీలు బిగించుకొంటూ పోతే ముక్కుమీద పుండు పడుతుంది తప్ప కారడం ఆగదు. కాస్త వదులు చేసి, గాలి ఆడుతుండగా మాస్కును ఎత్తి మళ్ళీ కూర్చోబెడితే సరిగా అతుక్కొంటుంది. గుబురు మీసాలవారికి ముక్కునంతా కప్పే మాస్కు కంటె, నాసికారంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకొనే చిన్న మాస్కు మేలు. కట్టుడుపళ్ళు తీసి పడుకొనేవారు పళ్ళు తీసిన తరువాతనే కొలత చూసుకోవాలి; బుగ్గలు లోపలికి పోయి ముఖం కొలత మారుతుంది. కొన్ని మాస్కుల కొక్కెములలో అయస్కాంతాలు ఉంటాయి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు అవి వాడరాదని 2022 నుండి తయారీదార్లే హెచ్చరిస్తున్నారు. పక్కన పడుకొనేవారికి పేస్‌మేకరు ఉన్నా అదే జాగ్రత్త. మొదటి వారం రాత్రివేళనే కుస్తీపట్టనక్కరలేదు. మధ్యాహ్నం పత్రిక చదువుకొంటూ ఒక గంట తగిలించుకొని కూర్చుంటే ముక్కుకు అలవాటవుతుంది. నేను మొల్ల రామాయణం మరొకసారి పూర్తిచేసింది ఆ గంటలలోనే.

గాలికి తేమనిచ్చే నీటితొట్టి ఒకటి యంత్రానికి ఉంటుంది. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మా ఊరి సంగతి మీకు తెలిసినదే: ఎటు చూసినా కాలువలూ చెరువులూ, తాగే నీళ్ళు మాత్రం కొనుక్కోవలసిందే. కుళాయి నీరు పోస్తే నాలుగు రోజులలో తొట్టి అడుగున తెల్లని పొర కడుతుంది. బ్యాటరీల కొట్టులో అమ్మే నీళ్ళు చవక అని అవి పోయకండి. మనం పీల్చేదానికి సీలు ఉన్న సీసాయే కొనండి. వానాకాలంలో మా ప్రాంతపు గాలికి అసలే ఉన్న తేమ చాలు, నేను తొట్టి ఖాళీగానే ఉంచుతాను. ఏసీ వేసుకొనేవారికి మరొక చిక్కు: గొట్టంలోని వెచ్చని తేమ చల్లబడి నీటిబొట్లై, అర్ధరాత్రి ముక్కుమీద పన్నీరు చల్లినట్లు పడుతుంది. యంత్రాన్ని తల కంటె తక్కువ ఎత్తులో పెట్టి, గొట్టాన్ని దుప్పటిలోనుండి తెచ్చుకొంటే అది తప్పుతుంది. దోమతెర ఉంటే గొట్టాన్ని పరుపు అంచు కిందనుండి లోపలికి తీసి తెరను మళ్ళీ దోపాలి. ఉదయం మాస్కు మెత్తదిండును సబ్బునీటితో, వారానికొకసారి గొట్టాన్నీ కడిగి నీడలో ఆరవేయాలి. ఎండలో కాదు. ఆరవేసిన గొట్టంలోకి చీమలు చేరడం గోదావరి జిల్లాల ప్రత్యేకత కాకపోవచ్చుగాని, తగిలించుకొనేముందు ఒకసారి దులపడం మంచిది. ఓజోనుతో శుభ్రం చేస్తామని అమ్మే పెట్టెలు మాత్రం వద్దు. అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2020 ఫిబ్రవరిలోనే వాటిమీద హెచ్చరిక జారీచేసింది.

కరెంటు పోతే? మాస్కులో గాలి తప్పుకొనే రంధ్రాలు ఉంటాయి గనుక ఊపిరాడక పోతామన్న భయం అక్కరలేదు. కాని మోటారు ఆగాక మాస్కు తీసివేయాలి. ఇంట్లో ఇన్వర్టరు కొనేటప్పుడు ప్యూర్ సైన్‌వేవ్ రకం అడగండి. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి ప్రాంతంలో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో సాయంత్రమే దీపాలు ఆరిపోయాయి. నీటితొట్టి తీసివేసి, వేడి ఆపివేసి, ఉత్త గాలి మీద యంత్రాన్ని నడిపించాను. అసలు కరెంటు తాగేది గాలి కాదు, నీటిని వేడిచేయడం. వేడి లేకపోతే పది వాట్ల లోపుతోనే సరిపోతుంది. వేడి ఉంటే దానికి ఎన్నో రెట్లు. ఆ రాత్రి మా ఆవిడ మేలుకొనే ఉంది, గాలివాన చప్పుడుకు. నేను నిద్రపోయానట.

ఇక ప్రయాణాలు. బయలుదేరేముందు నీటితొట్టిని ఖాళీచేసి తుడవాలి. నీళ్ళతో పెట్టెను అటూ ఇటూ వంచితే నీరు మోటారులోకి పోతుంది. అన్ని జాగ్రత్తలలోకీ ఇది ముఖ్యం. యంత్రపు సంచి ఎప్పుడూ మన చేతిలోనే ఉండాలి, కూలీకి గాని, విమానంలో సామానుకు గాని ఇవ్వరాదు. అందులో యంత్రంతోపాటు వైద్యుడు వ్రాసిన చీటీ నకలు, అదనంగా ఒక ఫిల్టరు, మూడు మీటర్ల ఎక్స్‌టెన్షను తీగ. సత్రాలలోనూ, పెళ్ళివారి విడిదిలోనూ ప్లగ్గు ఒక గోడకూ మంచం మరొక గోడకూ ఉండడం మన గృహనిర్మాణ సంప్రదాయం. కాశీలో సత్రంవారు మాకు మంచి గది ఇచ్చారు. ప్లగ్గు మాత్రం తలుపు వెనుక ఉన్నది. ఆ తీగే లేకపోతే గుమ్మానికి అడ్డంగా పడుకోవలసివచ్చేది.

రైలులో కిందిబెర్తు కావాలి. అరవై దాటిన పురుషులకూ, నలభై అయిదు దాటిన స్త్రీలకూ ఒక్కరు గాని ఇద్దరు గాని వెళ్ళేటప్పుడు కిందిబెర్తుల కోటా ఉన్నది. టికెట్టు తీసేటప్పుడే అడగాలి. పాత పెట్టెలలో చాలావాటి సాకెట్లలో వచ్చేది 110 వోల్టులే. దానికి భయం లేదు, సీ-ప్యాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుండి 240 వోల్టుల వరకు తీసుకొంటాయి. అడాప్టరు మీద వ్రాసి ఉంటుంది, చూసుకోండి. చిక్కు మరొకటి. అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుండి ఉదయం 5 వరకు ఛార్జింగు సాకెట్లకు సరఫరా ఆపివేయాలని 2021 మార్చిలో పశ్చిమ రైల్వే నిర్ణయించింది. మనకు కావలసినవి సరిగ్గా ఆ ఆరు గంటలే! అందువలన రైలుకు సాకెట్టును నమ్ముకోరాదు, బ్యాటరీని నమ్ముకోవాలి. సీ-ప్యాప్‌కు ప్రత్యేకంగా లిథియం బ్యాటరీలు దొరుకుతాయి. కొన్ని యంత్రాలకు 12 వోల్టులు, కొన్నిటికి 24 కావాలి; ఒకదానిది మరొకదానికి పనికిరాదు.

విమానానికి కూడా ఆ బ్యాటరీయే పనికివస్తుంది. లిథియం బ్యాటరీలు 100 వాట్-అవర్ల వరకు చేతిసంచిలో అనుమతిస్తారు. 100 నుండి 160 దాకా అయితే విమానసంస్థ అనుమతి కావాలి. విడి బ్యాటరీని లోపలికి పంపే పెట్టెలో పెట్టనే కూడదు. చాలా సీ-ప్యాప్ బ్యాటరీలను నూటికి కొంచెం తక్కువగా చేయడం ఇందుకే. అమెరికా నిబంధనల ప్రకారం సీ-ప్యాప్ సహాయకపరికరం, చేతిసామాను లెక్కలోకి రాదు. మన దేశీయ విమానాలవారిని మాత్రం ముందుగా అడిగి వెళ్ళడం మేలు. తనిఖీ దగ్గర యంత్రాన్ని లాప్‌టాప్ లాగా సంచిలోనుండి తీసి ట్రేలో పెట్టాలి. 2018లో న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు తనిఖీ చేసే కుర్రవాడు హిందీలో ఇదేమిటన్నాడు. నేను 'శ్వాస', 'నిద్రా' అని సంస్కృతం మీద ఆధారపడి వివరణ మొదలుపెట్టేలోగా మా ఆవిడ గుర్రుమని గురక పెట్టి చూపించింది. అతడు నవ్వి పంపించాడు. అక్కడ 120 వోల్టులు, అడాప్టరు ఒప్పుకొంటుంది. ప్లగ్గు కాళ్ళు మాత్రం బల్లపరుపుగా ఉంటాయి, మార్చే ప్లగ్గు ఇక్కడే కొనుక్కొని వెళ్ళాలి. విమానంలో సీటు దగ్గరి సాకెట్టు యంత్రానికి చాలుతుందో లేదో రెండు రోజుల ముందుగానే సంస్థను అడగండి.

అమెరికానుండి వచ్చే పిల్లలు అక్కడ ఎవరో వాడి విడిచిన యంత్రాన్ని అభిమానంగా తెచ్చి ఇవ్వడం మా ప్రాంతంలో ఉన్నది. అటువంటిది వస్తే నమూనా, వరుససంఖ్య చూసుకొనిగాని వాడకండి. యంత్రం లోపల చప్పుడు తగ్గించే నురగపదార్థం పొడిరాలి ఊపిరితిత్తులలోకి పోవచ్చునని 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లక్షల యంత్రాలను వెనక్కు పిలిచింది. అవి ఇంకా చేతులు మారుతుండవచ్చు. మరొక మాట: కంటి శుక్లానికైనా సరే, హెర్నియాకైనా సరే, ఆపరేషనుకు వెళ్ళేటప్పుడు ఈ జబ్బు సంగతి మత్తుమందు ఇచ్చే వైద్యునికి చెప్పాలి, మన యంత్రాన్ని మనమే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. నిద్రమాత్రలూ మద్యమూ గొంతు కండరాలను మరింత సడలిస్తాయని వేరే చెప్పనక్కరలేదు.

ఇంతా వ్రాశాను గాని, లెక్కల మాష్టారికి అడ్డుపడుతున్నది వోల్టులు కావు, తొండం. మా మనుమరాలు నన్ను మొదటిసారి ఆ మాస్కుతో చూసి, "తాతయ్యా, వినాయకుడివా?" అన్నది. ఆ మరునాడు ఉండ్రాళ్ళు చేయమని వాళ్ళ అమ్మమ్మ ప్రాణం తీసింది. పోయిన సంక్రాంతికి మా హాలులో పదకొండు మంది వరసగా చాపల మీద పడుకొన్నారు, వారిలో నేనొకడిని. మొదటి రాత్రి అందరూ తలలెత్తి చూశారు. రెండవ రాత్రి మా తోడల్లుడు ఒక్కడే చూశాడు, అదీ తన గురకకు అందరూ లేచి కూర్చొన్నప్పుడు. పెళ్ళివారి విడిదిలో తల మీదుగా దుప్పటి వేసుకొని గోడవైపు తిరిగి పడుకొనే ముసలాయనను చూడడానికి ఎవరికి తీరిక?

నిన్న సాయంత్రం ఆయన వచ్చినప్పుడు యంత్రాన్ని వసారాలోకి తెచ్చి, బ్యాటరీ మీద పెట్టి నడిపించాను. పరాయి ఇంట్లో ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆయన వినాలని. కాసేపు చెవి ఒగ్గి విన్నారు. తరువాత బ్యాటరీని తిరగవేసి చదివి, జేబులోనుండి కలం తీశారు. "తొంభై అయిదును తొమ్మిదితో భాగిస్తే పదిన్నర గంటలు. నరసాపురం బండిలో పడుకొనేది ఎంత, ఏడు గంటలు" అన్నారు. వేడి పెట్టకుండా ఉంటేనే ఆ తొమ్మిది అని గుర్తుచేశాను. తలూపారు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, బ్యాటరీ ఎక్కడ కొన్నారని అడిగారు. వీధిగుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగి, కిందిబెర్తులు రెండు దొరుకుతాయా అన్నారు. అడిగితే దొరకవచ్చునన్నాను. టికెట్టు ఇంకా తీయలేదు. మాఘానికి వ్యవధి ఉన్నది.